స్పైరల్ రాడ్‌లో గైడ్లు ఎక్కడ, ఏ కోణంలో కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు చేపలు పట్టే గాలం రాడ్ సొంతంగా కట్టుకుంటున్నారు. మీ దగ్గర 7 అడుగుల బ్లాంకు (ఇంకా ఏమీ కట్టని ఉత్త రాడ్ కర్ర), దానికి బెయిట్‌కాస్టింగ్ రీలు (రాడ్ పైవైపు కూర్చుని లైన్ చుట్టుకునేది) ఉన్నాయి. గైడ్లు, అంటే లైన్ దూరి వెళ్లే రింగులు, రీలు ముందు పైనుంచి మొదలై, పక్కగా తిరిగి, కిందికి వచ్చేలా, అంటే స్పైరల్‌గా, కట్టాలనుకుంటున్నారు. ఒకచోట 0, 60, 120, 180 డిగ్రీలని, ఇంకోచోట 0, 90, 180 అని చదివారు. టేపుతో అంటించి చూస్తే రాడ్ వంచినప్పుడు మొదటి రెండు గైడ్ల మధ్య లైన్ బ్లాంకుకి రాసుకుంటోంది. ఏ లెక్క సరైనది, మొదటి గైడు రీలుకి ఎంత దూరంలో ఉండాలి, మలుపు ఏ పక్కకి తిప్పాలి అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. డిగ్రీల పట్టిక పక్కన పెట్టండి. రెండు గైడ్ల చోటు మీరు నిర్ణయిస్తే మధ్యలో వచ్చే గైడు చోటు లైనే చూపిస్తుంది. మొదటిది, అంటే బట్ గైడు, సరిగ్గా పైన 0 దగ్గర ఉండాలి. రీలు లెవెల్ విండ్ (లైనుని స్పూల్ మీద అటూ ఇటూ సమంగా పరిచే భాగం) నుంచి 18 నుంచి 22 అంగుళాల దూరం సరిపోతుంది. రెండోది, పూర్తిగా కిందికి దిగిన మొదటి గైడు, 180 దగ్గర. బ్లాంకు బాగా వంగే భాగం మొదలవకముందే ఇది రావాలి. ఈ రెంటి మధ్య లైన్ బిగించి లాగితే అది బ్లాంకు పక్కని ఒకచోట తాకుతుంది. అక్కడ ఒక చిన్న గైడు పెట్టండి. దాని పని లైన్ బ్లాంకుకి తగలకుండా కాస్త ఎడంగా పట్టుకోవడం, అంతే. అందుకే దాన్ని బంపర్ అంటారు. ఇక అక్కడినుంచి చివరిదాకా, రాడ్ కొసన ఉండే రింగు టిప్ టాప్‌తో సహా, అన్నీ నేరుగా కిందే.

ఎందుకో కూడా చెప్పాలి. కారణం తెలిస్తే మీ బ్లాంకు నా బ్లాంకులా లేకపోయినా మీరే సర్దుకోగలరు.

గైడ్లన్నీ పైన ఉన్న మామూలు కాస్టింగ్ రాడ్ చేప లాగినప్పుడు కిందికి వంగుతుంది. లైన్ ఆ వంపు పైన పరుచుకుని ప్రతి రింగునీ కిందికి అదుముతుంది. రింగు బ్లాంకుకి ఎత్తులో ఉంది కాబట్టి ఆ బరువు ఏదో ఒక పక్కకి ఒరగాలని చూస్తుంది. నెత్తి మీద బిందె పెట్టుకుంటే మెడ బిగబట్టి నిలబెట్టాలి. అదే బిందెని తాడుతో వేలాడదీస్తే దానంతట అదే నిలుస్తుంది. గైడ్లు పైన ఉండటానికీ కింద ఉండటానికీ తేడా అదే. పెద్ద చేపతో పావుగంట పోరాడాక మణికట్టు నొప్పి పుట్టడంలో, రాడ్ ఒరిగిపోకుండా మనకి తెలియకుండానే బిగించి పట్టుకున్న ఆ పట్టుకి పెద్ద వాటా ఉంది.

దీన్ని మీరే చూడొచ్చు. బ్లాంకు పైవైపు నాలుగైదు గైడ్లు టేపుతో అంటించి, లైన్ ఎక్కించి, పిడి దగ్గర లైనుని బొటనవేలితో నొక్కి, మిగతా చెయ్యి వదులుగా ఉంచండి. అవతలి కొస ఇంకొకరిని లాగమనండి. బ్లాంకు చేతిలోనే గిర్రున తిరిగి, గైడ్లు కిందికి వచ్చాక ఆగిపోతుంది. స్పైరల్ కట్టడమంటే రాడ్ ఎలాగూ వెళ్లాలనుకునే చోటికి గైడ్లని మనమే ముందుగా చేర్చడం.

స్పైన్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ అక్కడే తడబడతారు. బ్లాంకుని బల్ల మీద ఆనించి వంచి దొర్లిస్తే ఒకచోట ఠక్కున దూకుతుంది కదా, ఆ గట్టి గీతే స్పైన్. గైడ్లు దాని ప్రకారం కడితే రాడ్ తిరగదని చాలామంది నమ్ముతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే కట్టాను. పై పరీక్షని స్పైన్ నాలుగు పక్కలా పెట్టి చేసి చూడండి, ప్రతిసారీ గైడ్లు కిందికే వస్తాయి. రాడ్ తిరగడాన్ని నిర్ణయించేది గైడ్ల స్థానం. ఆ బలం ముందు స్పైన్ బలం చాలా చిన్నది. అందుకే ఇప్పుడు నేను బ్లాంకుని కంటి ఎత్తున పెట్టి తిప్పి చూసి, అది ఏ పక్క తిన్నగా కనిపిస్తుందో దాన్ని బట్టి కడుతున్నాను. కొద్దిపాటి సహజమైన వంపు ఉంటే అది నిలువుగా, పైకో కిందికో ఉండేలా చూస్తాను. పక్కకి మాత్రం ఉండనివ్వను.

ఇక మలుపు గట్టి భాగంలోనే ఎందుకు పూర్తవ్వాలి? రెండు లెక్కలు చూడండి.

మొదటిది బరువు. లైన్ 5 కిలోల బిగువులో ఉండి ఒక గైడు దగ్గర 10 డిగ్రీలు వంగిందనుకోండి, ఆ గైడు మీద పడే ఒత్తిడి సుమారు 0.87 కిలో. అదే 2 డిగ్రీలే వంగితే 0.17 కిలో. పిడికి దగ్గరి భాగం పెద్దగా వంగదు కాబట్టి అక్కడ పైన ఒక గైడు ఉన్నా రాడ్‌ని తిప్పేంత బలం దానికి రాదు. నడి భాగంలో పైనో పక్కనో గైడు ఉంటే వస్తుంది.

రెండోది మీ సమస్యకి నేరుగా జవాబు. 10 అంగుళాల ఎడంలో ఉన్న రెండు గైడ్ల మధ్య బ్లాంకు 10 డిగ్రీలు వంగితే, లైన్ మాత్రం తిన్నగా ఉంటుంది కాబట్టి, మధ్యలో లైనుకీ బ్లాంకుకీ ఉన్న దూరం సుమారు 5.5 మిల్లీమీటర్లు మారుతుంది. గైడ్లు పైన ఉంటే లైన్ అంతమేర బ్లాంకు వైపు దిగుతుంది, కింద ఉంటే అంతమేర బ్లాంకు నుంచి దూరంగా జరుగుతుంది. చిన్న గైడు రింగుకీ బ్లాంకుకీ మధ్య ఉండే ఖాళీయే అయిదారు మిల్లీమీటర్లు. కాబట్టి మీ లైన్ రాసుకోవడానికి కారణం డిగ్రీలు కాకపోవచ్చు. మీ మలుపు వంగే భాగంలోకి జారిపోయి ఉంటుంది. మొత్తం మలుపుని రీలు వైపు మూడు నాలుగు అంగుళాలు వెనక్కి జరిపి మళ్లీ వంచి చూడండి.

కింద ఉన్న గైడ్ల మధ్య లైన్ బ్లాంకుని తాకే భయం లేదు కాబట్టి మామూలు కాస్టింగ్ రాడ్ కంటే ఒకటి రెండు గైడ్లు తక్కువ పెట్టినా నడుస్తుంది. మరీ తగ్గించకండి. రెండు గైడ్ల మధ్య ఎడం పెరిగితే బ్లాంకు వంపు ఒకలా, లైన్ దారి ఒకలా ఉండి, బరువు కొన్ని చోట్లే గుచ్చినట్టు పడుతుంది.

మీ 7 అడుగుల బ్లాంకుకి మొదలుపెట్టడానికి ఒక లెక్క ఇస్తాను. రాడ్ మొత్తం 84 అంగుళాలు. లెవెల్ విండ్ పిడి చివరినుంచి 14 అంగుళాల్లో ఉందనుకుంటే, కొసనుంచి 70 అంగుళాలు. బట్ గైడు కొసనుంచి 50 దగ్గర, అంటే రీలుకి 20 అంగుళాల ముందు. కింద ఉండే మొదటి గైడు 32 దగ్గర. అక్కడినుంచి కొస వైపు 25, 19, 13.5, 8.5, 4 అంగుళాలు. బంపర్ కాక ఏడు గైడ్లు, టిప్ టాప్ అదనం. ఇది మొదటి అంచనా మాత్రమే. బ్లాంకు కొస దగ్గరే వంగేదైతే కొస గైడ్లు ఇంకాస్త దగ్గరవుతాయి. పిడి దాకా మెత్తగా వంగేదైతే మలుపంతా వెనక్కి జరగాలి.

బట్ గైడుని ఆశపడి రీలుకి మరీ దగ్గరికి తేవద్దు. ఒకసారి మలుపు తొందరగా అయిపోవాలని 14 అంగుళాల్లోనే కట్టాను. లెవెల్ విండ్ స్పూల్ అంచుకి వెళ్లినప్పుడల్లా లైన్ అడ్డంగా వంగి, విసిరేటప్పుడు గరగరమనేది. విప్పి 5 అంగుళాలు ముందుకి జరిపాక ఆ శబ్దం పోయింది. లెవెల్ విండ్ లేని రీలైతే 22కి తగ్గకుండా, ఇంకా ఎక్కువే ఉంచండి. ఆ రీలుకి బట్ గైడు కచ్చితంగా 0 దగ్గరే ఉండాలి. కాస్త పక్కకి పెట్టినా లైన్ స్పూల్‌లో ఆ పక్కకే గుట్టగా చుట్టుకుంటుంది. బట్ గైడుని కూడా 10, 20 డిగ్రీలు వాల్చి కట్టేవాళ్లున్నారు. లెవెల్ విండ్ ఉంటే దానివల్ల నష్టం లేదు, నాకు మాత్రం లాభమూ కనిపించలేదు.

ఇప్పుడు బంపర్. పనంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

రీలు బిగించి, రాడ్‌ని స్టాండులో రీలు పైకి ఉండేలా పెట్టండి. సన్నని రబ్బరు గొట్టాన్ని చక్రాల్లా కోస్తే వచ్చే రింగులతో గైడ్ల పాదాలు పట్టి ఉంచండి. టేపు కంటే ఇవే మేలు, గైడుని వేలితో తోసి జరపొచ్చు. బంపర్ లేకుండా, బట్ గైడులోంచి లైన్ తీసి 32 దగ్గరి కింది గైడులోకి ఎక్కించి బిగించండి. లైన్ పైనుంచి దిగి, బ్లాంకు పక్కని ఒరుసుకుంటూ కిందికి వెళ్తుంది. అది సరిగ్గా మధ్యలోనే తాకుతుందని అనుకుంటాం. కానీ బట్ గైడు ఎత్తెక్కువ, కింది గైడు ఎత్తు తక్కువ. ఉదాహరణకి బట్ గైడు రింగు బ్లాంకు నడిమినుంచి 18 మిల్లీమీటర్లు, కింది గైడు రింగు 12 మిల్లీమీటర్లు ఉన్నాయనుకోండి. అప్పుడు లైన్ 18 అంగుళాల ఎడంలో బట్ గైడు నుంచి 10.8 అంగుళాల దగ్గర బ్లాంకు నడిమి ఎత్తుకి దిగుతుంది. అంటే కొసనుంచి 39.2 దగ్గర, సగం కంటే దాదాపు 2 అంగుళాలు ముందుకి. అక్కడ పెన్సిలుతో చిన్న గీత గీసి, బంపర్ రింగు ఆ గీత మీదికి వచ్చేలా పెట్టండి. కోణం మీరు కొలవక్కర్లేదు, 90కి అటూ ఇటూగా అదే వస్తుంది.

బంపర్‌గా పొట్టి కాలున్న చిన్న గైడు చాలు. అది లైనుని ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు పక్కకి జరిపితే లైన్ మొత్తం మీద తిరిగే కోణం 5 డిగ్రీల లోపే ఉంటుంది. స్పైరల్ కడితే విసిరే దూరం తగ్గుతుందనే భయం చాలామందిది. ఇంత చిన్న మలుపు కనిపించేంత రాపిడి తేదు. నేను ఒకే బ్లాంకుని ముందు మామూలుగా, తర్వాత స్పైరల్‌గా అమర్చి ఒకే బరువుతో విసిరి చూశాను, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎత్తు గైడుని బంపర్‌గా పెట్టి లైనుని అనవసరంగా బయటికి లాగితే మాత్రం తేడా వస్తుంది.

తర్వాత వంచి చూడటం. లైన్ అన్ని గైడ్లలోంచి తీసి, చివర బరువు కట్టి, ముందు కొస మాత్రమే వంగేంత, తర్వాత సగం రాడ్ వంగేంత, చివరికి మీరు నిజంగా వాడబోయే గరిష్ఠ బరువంత పెట్టి చూడండి. ప్రతిసారీ బట్ గైడుకీ బంపర్‌కీ మధ్య కన్నుపెట్టండి, తగిలితే అక్కడే తగులుతుంది. ఒక సన్నని కాగితం ముక్కని లైనుకీ బ్లాంకుకీ మధ్య దూర్చి ఆ పొడవంతా జరపండి. ఎక్కడా పట్టుకోకపోతే సరే. పట్టుకుంటే బంపర్‌ని పావు అంగుళం చొప్పున వెనక్కి, అంటే బట్ గైడు వైపు, జరిపి మళ్లీ చూడండి.

ఈ పని సగంలో ఆపిన పాపానికి ఒక మంచి రాడ్ పాడుచేసుకున్నాను. మొదట్లో నేనూ 0, 60, 120, 180 అని గీతలు గీసి, ఎడాలు వేరే రాడ్ నుంచి దించి, బరువు పెట్టకుండానే దారం చుట్టి దాని మీద ఎపాక్సీ జిగురు పూత వేసేశాను. ఖాళీగా ఉన్నప్పుడు లైన్ ఎక్కడా తాకలేదు. నెల తిరిగేసరికి బట్ గైడుకీ 60 డిగ్రీల గైడుకీ మధ్య బ్లాంకు మెరుపు మీద గోరుతో గీకినట్టు ఒక తెల్లటి గీత పడింది. చేప లాగిన ప్రతిసారీ లైన్ అక్కడ కోస్తూనే ఉందన్నమాట. రెండు గైడ్లు కోసి తీసి, మళ్లీ కట్టాల్సి వచ్చింది.

అలాగని 60 డిగ్రీల మెట్ల పద్ధతి తప్పని నేను అనను. బరువైన లైనుతో నిలువుగా జిగ్గింగ్ చేసే (ఎరని నీళ్లలో పైకీ కిందికీ ఆడించే) గట్టి రాడ్లకి నేనూ అదే వాడతాను. అక్కడ ఒక్క చిన్న బంపర్ మీద పక్క ఒత్తిడి ఎక్కువ పడుతుంది. రెండు పాదాలున్న గైడ్లు రెండు పెడితే ఆ ఒత్తిడి పంచుకుంటాయి. అయితే అక్కడ కూడా ముందు లైన్ లాగి చూసి, అది వెళ్లే దారిలో గైడ్లు పెట్టాలి. పట్టిక చూసి లైనుని బలవంతంగా తిప్పకూడదు. ఇంకో మాట, మలుపులో రోలర్ గైడ్లు (రింగుకి బదులు తిరిగే చక్రం ఉండేవి) వద్దు. లైన్ పక్కకి లాగితే రోలర్ అంచుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటుంది.

మెట్ల పద్ధతిలో కోణం కొలవడానికి సులువైన దారి ఉంది. సన్నని కాగితం పట్టీని గైడు వచ్చే చోట బ్లాంకు చుట్టూ తిప్పి, కొసలు కలిసే దగ్గర కత్తిరించండి. దాన్ని ఆరు సమాన భాగాలుగా మడిస్తే ఒక్కో మడత 60 డిగ్రీలు. ప్రతి గైడు దగ్గరా కొత్త పట్టీ కావాలి, బ్లాంకు సన్నబడుతూ వస్తుంది కదా. 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నచోట చుట్టుకొలత 37.7 మిల్లీమీటర్లు, 60 డిగ్రీలంటే 6.3. అంటే ఒక్క మిల్లీమీటరు పక్కకి పోతే 9 డిగ్రీల పైనే తేడా. కంటి అంచనాతో 60, 65 అని వాదించుకోవడంలో అర్థం లేదని నాకు ఈ లెక్క వేసుకున్నాకే తెలిసింది.

ఎడమా, కుడా? రాడ్ పనితీరులో తేడా ఉండదు, టెన్షన్ పడకండి. నేను రీలు హ్యాండిల్ ఉన్న పక్కకే తిప్పుతాను. రాడ్‌ని నేల మీద పెట్టేటప్పుడు హ్యాండిల్ పైకి ఉండేలా పడుకోబెడతాం, అప్పుడు బంపర్ కూడా పైకే ఉండి దెబ్బ తినదు. మీరు రాడ్‌ని వేరేలా పెడితే రెండో పక్కకి తిప్పుకోండి. పడవ అంచు మీద రాడ్ ఆనించి చేప లాగే అలవాటుంటే మాత్రం ఇంకోటి చూసుకోవాలి. కింది మొదటి గైడు ఆ ఆనే చోటు దాటి ముందుకి ఉండాలి. లేకపోతే గైడు అంచుకి కొట్టుకుని కాలు వంగుతుంది.

గైడ్ల సైజులో పెద్ద రహస్యం లేదు. చిన్న లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువగా ఉండే) రీలుకి 10 లేదా 12 నంబరు బట్ గైడు, తర్వాత 8, 6, మిగతావి 5 లేదా 5.5. మీరు లైను చివర లీడర్ (వేరే లైను ముక్క) ముడివేసి వాడేవారైతే ఆ ముడి అతి చిన్న రింగులోంచి సాఫీగా పోతుందో లేదో కొనేముందే చూసుకోండి.

దారం చుట్టాక, ఎపాక్సీ వేసే ముందు, రాడ్‌ని తిరగేసి టిప్ టాప్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. కింది గైడ్ల రింగులన్నీ ఒకదానిలో ఒకటి కూర్చున్నట్టు కనిపించాలి, టిప్ టాప్ కూడా వాటి వరసలోనే ఉండాలి. టిప్ టాప్ రెండు మూడు డిగ్రీలు వాలినా కంటికి తెలిసిపోతుంది. దాని జిగురు వేడికి మెత్తబడే రకమైతే కాస్త వెచ్చజేసి సరిచేసుకోవచ్చు, అందుకే నేను టిప్ టాప్‌కి ఆ రకమే వాడతాను. మిగతా గైడ్లు దారం కింద ఇంకా కొద్దిగా కదులుతాయి, బొటనవేలితో నెమ్మదిగా నెట్టి వరసకి తెండి. పైనున్న బట్ గైడుని మాత్రం రీలు వైపు నుంచి చూడాలి, లెవెల్ విండ్ స్పూల్ మధ్యకి వచ్చినప్పుడు లైన్ దాని రింగు నడుమకి తిన్నగా వెళ్లాలి. ఇది చూసుకున్న తర్వాతే ఎపాక్సీ కలపండి.

మీ బ్లాంకు ఎక్కడినుంచి వంగుతోందో, కొసనుంచి ఎన్ని అంగుళాలో కొలిచి, బట్ గైడు ఎత్తుతో పాటు ఇక్కడ రాయండి. బంపర్ ఎక్కడికి రావాలో లెక్కవేసి చెబుతాను.